పులి కళ్ళు దిద్దేదాకా

దువ్వాడ,
అక్టోబరు 7, మంగళవారం

అన్నయ్యకు నమస్కారాలు.

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని కంగారు పడకు. అప్పన్న స్వామి దయవల్ల అందరం కులాసాగానే ఉన్నాం. నీ చెవులు పూర్తిగా పోయాక నీకు ఫోను చెయ్యడం దండగైపోయింది. అసలే నా గొంతు పక్క గదికి వినపడదు. మొన్న దసరా నాడు వదిన ఫోను నీ చెవికి ఆనించింది కదా. "ఒంట్లో ఎలాగుంది అన్నియ్యా" అని నేనడిగితే, "కరెంటు పొద్దున్నే వచ్చేసినాది" అన్నావు. అప్పుడు నవ్వాను. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. ఇక నీతో మాట్లాడాలంటే కాగితం తప్ప దారి లేదనిపించి, పదో తరగతి పరీక్షల తర్వాత మళ్ళీ ఇప్పుడు కలం పట్టాను. దస్తూరీ చూసి నవ్వకు.

నీ వల్ల ఒక సాయం కావాలి. నేను ఆయాగా పనిచేసే చిన్నపిల్లల స్కూలు నీకు తెలుసు కదా, స్టేషనుకి ఇవతల అపార్ట్‌మెంటు కింద ఉంటుంది. అక్కడ ఈ నెలాఖరున హాలోవీన్ అని పండగ చేస్తారట. అమెరికావాళ్ళు దెయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారట. మా నీలిమ మేడమ్ పిల్లలకి అది చెయ్యాలంటుంది. గుమ్మడికాయ మీద కళ్ళూ పళ్ళూ గియ్యాలి, కాగితం పళ్ళేలకి తెల్లరంగు వేసి దెయ్యాలు చెయ్యాలి, గులకరాళ్ళకి సాలీళ్ళు వెయ్యాలి. ఇవన్నీ నేను చెయ్యగలను. గుమ్మడికాయకి రాక్షసి మొహం గీసి గుమ్మానికి కట్టడం మనకేం కొత్త? దిష్టి కాయ కాదూ అది. ఆ మాటంటే మేడమ్ కూడా నవ్వింది.

కష్టమంతా మొహాలతోనే వచ్చింది. పిల్లల మొహాలకి రంగులు వెయ్యాలట. పోయినేడు బజారు రంగులకి ఒక పిల్ల బుగ్గ వాచిపోయింది. ఈసారి ఇంట్లో దొరికే వాటితోనే వెయ్యాలంటుంది. "ముగ్గులేసే చెయ్యి కదా వరాలమ్మా, నువ్వే వెయ్యాల" అని నా మీద పెట్టేసింది. ఈ పనికి కొత్తదాన్ని. ఇరవై ఏళ్ళు దసరా పులివేషాలకి రంగులేసి మనుషుల ఒంటిమీద పులిని దింపినవాడివి నువ్వున్నావు కదా అన్న ధైర్యంతో ఒప్పుకున్నాను. దెయ్యాలూ పులులూ పిశాచాలూ అన్నీ ఒక తోవలోవే కదా, నీకు తెలియనిదేముంది. ఏ రంగు దేనితో కలపాలి, ఎక్కడ మొదలెట్టాలి, వివరంగా రాయి.

నువ్వు మా గుమ్మం తొక్కి తొమ్మిదేళ్ళయింది అన్నయ్యా. ఆ సంగతి ఇందులో రాయకూడదనుకున్నాను, రాసేశాను. ప్రతి దసరాకీ నీ వంతు వండుతూనే ఉన్నాను. అది మాత్రం తెలుసుకో.

వదినకు నమస్కారాలు.

నీ చెల్లెలు
వరహాలమ్మ


పద్మనాభం,
అక్టోబరు 11

చిరంజీవి వరహాలుకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. దస్తూరీ బాగానే ఉంది. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు.

నాకు దెయ్యాలు వెయ్యడం తెలియదు. నాకు తెలిసింది పులి ఒక్కటే. పులి కట్టేవాడు మొక్కుకుని కడతాడు. బిడ్డకి జ్వరం తగ్గితే కడతాడు, పాడి నిలబడితే కడతాడు. రంగు వేసేవాడు ఆ మొక్కుకి చెయ్యి అందిస్తాడు. నీకు పూజలు తెలుసు కాబట్టి ఇది తెలుసనుకున్నాను. పిశాచాల తోవలో పెడతావనుకోలేదు.

ఇక్కడ వరి పొట్ట మీదుంది. మీ వదినకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. బావని అడిగానని చెప్పు.

నీలకంఠం


దువ్వాడ,
అక్టోబరు 14

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పులిని తక్కువ చెయ్యాలని రాయలేదు. ఆడవాళ్ళని ఆ రంగుల పాకలోకి రానిచ్చేవారు కాదు కదా, నాకెలా తెలుస్తుంది? తప్పయితే మన్నించు.

కానీ నీ కోపం ఈ ఉత్తరం మీద కాదని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళనాటి ఆ దసరా మీద. అందుకని ఇవాళ దాపరికం లేకుండా రాస్తున్నాను. ఏటా గాజువాకలో పులికి రంగులు వేసి, మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడివి. ఆ ఏడూ వచ్చావు. ఇంట్లో ముత్తయిదువలు కూర్చున్నారు, పూజ కాలేదు. నువ్వు మెట్లమీద తూలి తలుపు పట్టుకున్నావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో ఘాటు వాసన. తాగి పూజ ఇంట్లోకి రావద్దని, తేరుకున్నాక రమ్మని అన్నాను. నువ్వు ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు. పండగపూట మగవాళ్ళు ఒక గుక్క వేసుకోవడం లోకంలో లేనిదా? నేను ఎప్పుడో మర్చిపోయాను. నీ మీద నాకేమీ లేదు. నువ్వు కూడా మనసులోంచి తీసెయ్యి.

దీపావళి వెళ్ళాక ఇరవై మూడో తేదీ విదియ. అక్కచెల్లెళ్ళ చేతి భోజనం చెయ్యాల్సిన రోజు. స్కూలుకి సెలవు పెడతాను. రా అన్నయ్యా. పనసపొట్టు కూర చేస్తాను.

ఇక నా అభ్యాసం సంగతి విను. ఆదివారం మీ బావని కుర్చీలో కూర్చోబెట్టి పసుపూ కాటుకతో పులి మొహం వేశాను. పిల్లిలా వచ్చింది. మీసాలు ఒకటి పైకి, ఒకటి కిందికి. సరిగ్గా అప్పుడే గ్యాసు బండ వచ్చింది. ఆయన ఆ మొహంతోనే వెళ్ళి తలుపు తీశారు. గ్యాసబ్బాయి ఒక అడుగు వెనక్కేసి, "దసరా అయిపోనాది కదండీ బాబూ, ఇంకా ఈ యేసం యేటండీ" అన్నాడట. "మా యావిడ ఉజ్జోగం బాబూ" అన్నారు ఈయన. లోపల నవ్వలేక చచ్చాను.

నాకు చెయ్యి వణుకుతోంది, గీత నిలవడం లేదు. కోపం పక్కన పెట్టి ఎలా వెయ్యాలో చెప్పు.

వరహాలమ్మ


పద్మనాభం,
అక్టోబరు 18

వరహాలుకు ఆశీస్సులు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

మేము పెద్దవాళ్ళకి వేసేది డబ్బా రంగు. థిన్నర్‌తో పల్చన చేస్తాం, తియ్యడానికి కిరసనాయిలు కావాలి. పిల్లలకి అది ముట్టించకు. మా గురువు చలమయ్య చిన్నతనంలో ఇంటి సామాన్లతోనే వేసేవారట, ఆయన చెప్పింది చెబుతాను. పసుపుకి పసుపుకొమ్ము అరగదీసి గంధంలో కలుపు. తెలుపుకి పల్చని గుడ్డలో వస్త్రకాయం పట్టిన బియ్యప్పిండి, చెంచాడు మీగడ. నలుపుకి ఆముదం దీపం కాటుక. ఎరుపుకి బీట్‌రూట్ రసం. ముందు పిల్ల మోచేతి లోపల చుక్క పెట్టి ఒక పూట చూడు. దురద లేకపోతేనే మొహానికి రా. మొహానికి ముందు కొబ్బరినూనె చేత్తో తుడిచినట్టు రాయి, ఎక్కువైతే రంగు జారుతుంది.

లేత రంగు ముందు, ముదురు తర్వాత. నుదుటి మధ్య మొదలుపెట్టి బయటికి రా. చెయ్యి వణికితే చిటికెన వేలు పిల్ల గడ్డానికి ఆనించు, అప్పుడు నిలుస్తుంది. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి, చివర వదులు. కుంచె లేకపోతే అగ్గిపుల్లకి దూది చుట్టు. తప్పు పోతే చెరపకు, ఆ తప్పునే ఇంకో చారగా మార్చెయ్యి. పులికి ఎన్ని చారలుండాలో ఎవడూ లెక్కపెట్టడు. కళ్ళ చుట్టూ మాత్రం ఆఖర్న దిద్దు. కళ్ళు పడ్డాకే పులి వస్తుంది. అంతవరకూ పిల్లకి అద్దం చూపించకు.

ఇరవై మూడున నాకు వీలుపడదు.

నన్ను క్షమించానన్నావు. సంతోషం.

నీలకంఠం


దువ్వాడ,
అక్టోబరు 25

అన్నయ్యకు నమస్కారాలు.

నా ఉద్యోగం పోయేలా ఉంది.

నువ్వు చెప్పినట్టే అన్నీ నూరుకుని, మోచేతి మీద చుక్కలు పెట్టి చూసుకుని, నిన్న ఐదుగురు పిల్లలకి పులి మొహాలు వేశాను. చిటికెన వేలు ఆనిస్తే నిజంగానే గీత నిలిచింది. ఎంత బాగా వచ్చాయో. మహీన్ అని నాలుగేళ్ళ పిల్ల ఉంది, వన్ టౌన్ నుంచి కొత్తగా ఇటు వచ్చిన కుటుంబం, వాళ్ళ అబ్బాకి తాళాల కొట్టు. ఎవరినీ మొహం తాకనివ్వని పిల్ల నా ఒళ్ళో కూర్చుని వేయించుకుంది. మేడమ్ ఫోటోలు తీసి తల్లుల గ్రూపులో పెట్టింది. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు.

సాయంత్రం ఆరింటికి నా ఫోను ఆగకుండా మోగింది. ఇంటికెళ్ళాక తల్లులు సబ్బు పెట్టి కడిగారట. కడిగితే మొహాలు ఇటుకరంగులోకి తిరిగిపోయాయి. ఎంత రుద్దితే అంత ఎరుపు. "మా పిల్ల మొకం కాలిపోనాది, యేటి రాసినారండీ మీరు" అని ఒకావిడ ఏడుస్తోంది. మహీన్ వాళ్ళమ్మ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మేడమ్ ఫోను చేసి, "ఏటి కలిపేవు వరాలమ్మా? నీ మీద నమ్మకంతో ఒప్పుకున్నాను కదా" అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

నా చేతికి పసుపు రాసుకుని సబ్బు పెట్టి చూశాను. నిమిషంలో ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే చేతులే ఇవి. సబ్బుకీ అలాగే తిరుగుతుందని నాకు తోచలేదు. కాలింది కాదు, కందింది కాదు, ఒట్టి రంగే. కానీ ఎవరు నమ్ముతారు?

ఒక మాట రాయకపోతే నాకు పాపం. అన్నీ ఇంత వివరంగా రాసినవాడివి కడిగే సంగతి ఒక్కటే ఎందుకు వదిలేశావు అని రాత్రి అనుకున్నాను. కావాలనే వదిలేశావేమో అనుకున్నాను. ఒక్క క్షణమే. మొన్న విదియ నాడు వేసిన విస్తరి అలాగే తీసేసిన బాధలో అలా అనిపించి ఉంటుంది. పొద్దున్న దీపం పెట్టేటప్పుడు దేవుడి ముందు చెంపలు వేసుకున్నాను. నీకూ చెబుతున్నాను.

వరహాలమ్మ


పద్మనాభం,
అక్టోబరు 28

వరాలూ,

బయట తుఫాను గాలి. మీ వదిన తలుపులన్నీ వేసి పడుకుంది. నాకు గాలి వినపడదు, కిటికీ అదురుతుంటే తెలుస్తోంది. వాన వెలిసాక ఇది పోస్టు చేస్తాను.

ముందు పిల్లల సంగతి. పుల్లటి మజ్జిగ రాసి ఐదు నిమిషాలు ఉంచి కడగమను. ఎరుపు విరిగి పసుపవుతుంది, ఆ తర్వాత శనగపిండితో పోతుంది. తల్లుల ముందు నీ చేతిమీదే చేసి చూపించు. కళ్ళతో చూస్తే నమ్ముతారు. కడిగే సంగతి రాయకపోవడం నా తప్పే. మా గురువు ఇంట్లో సబ్బు ఉండేది కాదు, అందరం శనగపిండితోనే కడిగేవాళ్ళం. ఈ రోజుల్లో సబ్బు పెడతారని నాకు గుర్తు రాలేదు. ముసలాడి మతిమరుపే గానీ, నీకు చెడు చెయ్యాలని కాదు.

ఇక రెండోది. ఇది ఎవరికీ చెప్పకూడనిది. రంగులు మానేసి ఏడేళ్ళయింది కాబట్టి నీకొక్కదానికీ చెప్పొచ్చనుకుంటున్నాను.

పులికి రంగు వేసేవాడు ముందురోజు పొద్దు గుంకినప్పటి నుంచి ఏమీ తినడు. మంచినీళ్ళు కూడా ముట్టడు. కళ్ళు దిద్దేదాకా అంతే. కట్టేవాడు తాగొచ్చు, తప్పెటవాడు తాగొచ్చు, రంగు వేసేవాడు ముట్టకూడదు. చలమయ్య గురువు నాకు కుంచె ఇచ్చిన రోజు చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ఇంకో నియమం కూడా పెట్టారు. ఉపవాసం ఉన్నానని ఎవరితోనూ అనకూడదు. చెప్పుకుంటే ఆ ఫలం మొక్కుకున్న బిడ్డకి చేరదు. మీ వదినకి కూడా తెలియదు. పని తొందరలో తినలేదనే అనుకుంటుంది.

ఆ ఉపవాసం ఏటా నీ చేతి అన్నంతో విడిచేవాణ్ణి. ఇంకెక్కడా విడవలేదు. ఆ ఏడు ఇద్దరు పులులు. ముందురోజు రాత్రి నుంచీ పధ్నాలుగు గంటలు నిలబడ్డాను. బస్సు దొరక్క ఎండలో నడిచొచ్చాను. ఆ వాసన థిన్నర్‌ది. నువ్వు ఆ మాట అన్నప్పుడు, తాగలేదు తినలేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే నియమం పోతుంది. పులి కట్టినవాడి బిడ్డ గాజువాకలో పాకలోనే ఉన్నాడు, మూర్ఛలు తగ్గాలని మొక్కు. నోరు మూసుకుని తిరిగొచ్చేశాను.

కోపం లేదు వరాలూ. సిగ్గు. మొన్న నువ్వు క్షమించానని రాస్తే మాత్రం నాకు చాలా కష్టమనిపించింది. చెయ్యని పనికి మన్నింపు ఎలా పుచ్చుకోను?

నీలకంఠం


దువ్వాడ,
అక్టోబరు 31

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. దేవుడి గదిలో కూర్చుని చదివాను. ఈ కాగితం చింపి మళ్ళీ రాయడం ఇది మూడోసారి.

తుఫాను సెలవుల వల్ల మా దెయ్యాల పండగ సోమవారానికి జరిపారు. మజ్జిగ సంగతి ఈ సాయంత్రమే తల్లుల ముందు నా చేతిమీద చేసి చూపించాను. ఏడ్చినావిడే అందరికన్నా ముందు నవ్వింది. ఆసుపత్రిలో డాక్టరు కూడా పసుపే అన్నాడట. కానీ మేడమ్, "ఈసారి తెలిసినోళ్ళే వెయ్యాల, లేకపోతే వద్దు" అంటోంది. మా అన్నయ్య ఉన్నాడన్నాను. సరేనంది.

సోమవారం వస్తావా? నా ఉద్యోగం కోసం అడగడం లేదు. అది పోతే పోనీ. కార్తీక సోమవారం, నాకూ ఉపవాసమే. చుక్క చూశాక తింటాను. వదినకి ఫోను చేసి నిన్ను రమ్మన్నానని మాత్రం చెప్పాను, ఎందుకో చెప్పలేదు.

వరాలు


దువ్వాడ,
నవంబరు 5, కార్తీక పౌర్ణమి

పూజ్యుడైన అన్నయ్యకు,

బస్సులో కూర్చోవడానికి చోటు దొరికిందని వదిన చెప్పింది. నిశ్చింత. నువ్వు మర్చిపోయిన తువ్వాలు ఉతికి ఉంచాను.

నీకు తెలియనివి రెండు మూడు ఉన్నాయి, అవి రాయాలి. పదకొండు మంది పిల్లలకి నువ్వు పులులు వేస్తున్నంతసేపూ నేను రంగుల గిన్నెలు పట్టుకుని నీ వెనకే ఉన్నాను. ఎనిమిదో పిల్ల మహీన్. వాళ్ళమ్మ మళ్ళీ వేయించనంటే ఆ పిల్లే మారాం చేసి వచ్చిందట. నువ్వు దాని గడ్డానికి చిటికెన వేలు ఆనించి మీసాలు దిద్దుతుంటే అది కదలకుండా, కళ్ళు మాత్రం నావైపు తిప్పి, "ఆయమ్మా, తాత కడుపులో పులున్నాది. అరుస్తన్నాది" అంది.

నీకు వినపడలేదు. నీ కడుపు చేసే చప్పుడు కూడా నీకు వినపడదు కదా అన్నయ్యా. నాకు వినపడింది. రంగులు మానేసి ఏడేళ్ళయినా, ఇవి పిల్లల ఆటే అయినా, నువ్వు నియమం పట్టుకునే వచ్చావని అప్పుడు తెలిసింది. పొద్దున్న నేనిచ్చిన కాఫీ చెట్టు మొదట్లో పోశావని కూడా అప్పుడే అర్థమైంది. మేడమ్ విని, "అయ్యో, ఆయనకి టిఫిన్ ఏమైనా పెట్టేవా వరాలమ్మా" అంది. "ఆకలి కాదండీ, పులి వచ్చే ముందు అలాగే ఉంటాది" అన్నాను. మహీన్ నమ్మింది. మేడమ్ నా మొహం చూసి, మిగతా పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి వెళ్ళింది. కళ్ళు దిద్దాక ఆ పిల్ల అద్దంలో చూసుకుని, నీ పొట్ట తట్టి, "పడుకో పడుకో" అంది. నువ్వు అది ఆటనుకుని నవ్వావు.

నా ఉద్యోగం ఉంది. సంక్రాంతి సెలవులకి ముందు పిల్లలకి మళ్ళీ ఏదైనా వేస్తావా అని అడగమంది మేడమ్. అది తర్వాత సంగతి.

సాయంత్రం చుక్క పొడిచాక మనిద్దరం ఒక పంక్తిన తిన్నాం. అప్పుడు చెబుదామనుకున్న మాట ఒకటుంది. మహీన్ వాళ్ళమ్మ సేమ్యా పట్టుకుని వచ్చింది, పక్క పోర్షన్ వాళ్ళొచ్చారు, మీ బావ నీకు అరుస్తూ స్టీలు ప్లాంటు సంగతులు చెబుతున్నారు. చెప్పలేకపోయాను. నువ్వు మూడోసారి చారు పోయించుకుంటున్నప్పుడు నా కళ్ళు తుడుచుకోవడం చూసి, "పొగేటి వరాలూ, గ్యాసు కదా" అన్నావు. పొగ కాదు.

పెళ్ళయినప్పటి నుంచీ నేను ఉపవాసాలుంటున్నాను. సోమవారాలు, ఏకాదశులు, చందనోత్సవానికి అప్పన్న కొండ మెట్లెక్కి. ఉన్న ప్రతిసారీ పక్కింటికి తెలిసేది. మధ్యాహ్నానికి ఒళ్ళు తూలుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, గోడ పట్టుకోవాలి. ఇవన్నీ నాకు తెలుసు. అలాంటిదాన్ని, నా గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడ్డ ఉపవాసాన్ని తాగుడనుకున్నాను. ఎవరి బిడ్డ కోసమో రాత్రంతా పస్తుండి పధ్నాలుగు గంటలు నిలబడ్డ నా తోడబుట్టినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపేసి, లోపలికి వచ్చి పూజ చేశాను. ఆ రోజు దేవుడు ఏ పక్కన ఉన్నాడో ఇప్పుడు తెలిసింది. పైగా తొమ్మిదేళ్ళ తర్వాత, నిన్ను క్షమించానని ఉత్తరం రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నయ్యా. క్షమించాల్సింది నువ్వు. క్షమించావో లేదో రాయనక్కర్లేదు. మూడోసారి చారు అడిగావు, నాకు అది చాలు.

ఈ ఉత్తరాలు చింపకు. నా దగ్గరున్న నీవి దేవుడి పటం వెనక పెట్టాను. నావి నీ దగ్గర ఉంచు. కానీ ఎవరికీ చూపించకు. మనవలకి కూడా వద్దు. నీ నియమం ఇందులో ఉంది, నలుగురి కంట పడితే ఆ గాజువాక బిడ్డకీ, ఈ పదకొండు మందికీ చేరాల్సింది చేరదు. వదిన అడిగితే రంగులు కలపడం గురించి రాసిందని చెప్పు. అది అబద్ధం కాదు.

నీ చెల్లెలు
వరాలు